అప్‌డేట్: జీడితోటలో ఎర్రచీమలకు మందు కొట్టలేదు

పర్లాకిమిడి దగ్గర మా జీడితోట గురించి సంక్రాంతి ముందు అడిగాను. ఆకులు కుట్టి గూళ్లు కట్టిన ఎర్రచీమలు చెట్టెక్కనివ్వట్లేదు, మందు కొట్టేయనా అని. "ఆగండి, ముందు పూత చూడండి" అన్నారు మీలో కొందరు. ఆగాను.

చీమలున్న చెట్లలో పూత బాగానే నిలిచింది. గూళ్లు లేని గట్టువార చెట్లలో లేతకొమ్మలు, పూగుత్తులు మాడిపోయాయి. అది టీ దోమ పని, పేరుకే దోమ గానీ చెట్టు రసం పీల్చే పురుగు. పీల్చినచోట నల్లమచ్చ పడి కొమ్మ ఎండుతుంది. చీమలు ఆ పురుగుల్ని వేటాడతాయి. వాటికి కూలి చెట్టే ఇస్తుందట! లేత ఆకుల మీదా పూగుత్తుల మీదా తేనె ఊరే గ్రంథులుంటాయి. చీమలు అక్కడ నాకుతుంటే నేనే చూశాను. అయితే ఇవే చీమలు, చెట్టు రసం పీల్చే పిండినల్లిని కూడా అది వదిలే తీపిరసం కోసం కాపు కాస్తాయి. రెండు చెట్లకు పట్టింది, ఆ కొమ్మలు కోసేశాం.

కాండం తొలిచే పురుగుకు చీమలు అడ్డు కాలేదు. ఒక చెట్టు మొదట్లో బంక, రంపపుపొట్టు కనిపించాయి. ఆలస్యంగా చూశాను, చెట్టు పోయింది.

పిక్కలు ఏరేటప్పుడు చీమలు కుట్టి మా పిన్ని నన్ను తిట్టని రోజు లేదు. పక్కతోట ఒడియా పెద్దాయన మాత్రం సంతోషంగా ఒక గూడు కోసుకుపోయి చట్నీ నూరుకున్నాడు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది మరి.

గబ్బిలాలు పండు తిని పిక్క వదిలేస్తున్నాయి, పిక్క తొక్కలో ఒళ్లు పొక్కించే జీడి రసం ఉంది కదా. పొద్దున్నే కంచె దగ్గర అవే ఏరుకుంటున్నాం.