డిగ్రీ క్లాసులో సోషల్ మీడియా ఖాతా తప్పనిసరి చెయ్యొచ్చా?

లంకమ్మాయి (ముమ్మిడివరం వైపు)

అందరికీ నమస్కారమండి. నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో మా మేడమ్ గారు ప్రతి ఒక్కరూ సొంత మెయిల్, అందరికీ కనిపించే ఒక పేజీ, తెలుగు వికీపీడియాలో ఖాతా తెరవాలన్నారు. వారానికొకటి రాసి పెట్టాలి, ఇంటర్నల్ మార్కులు దానికే. కొందరు తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, ఆడపిల్లల చేత ఇవేం పనులని గొడవపడ్డారు. తప్పనిసరి చెయ్యాలా, ఇష్టమున్నవాళ్ళకే ఉంచాలా అని తేల్చడానికి వచ్చే వారం మీటింగ్. నాన్న కూడా వెళ్తారు. మీ మాటలు ఆయనకి చదివి వినిపిస్తాను.

క్లాసు మొదలయ్యేటప్పటికి నాకు వాట్సాప్, రీల్స్ తప్ప ఏమీ తెలీదు. తెలుగు కూడా ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టేదాన్ని. ఇప్పుడు తెలుగు కీబోర్డు మీద నేరుగా రాస్తున్నాను. నలుగురం ఒకే డాక్యుమెంట్‌లో కలిసి రాస్తున్నాం, ఎవరు ఏం మార్చారో వెనక్కి వెళ్ళి చూసుకుంటున్నాం.

మొన్న వరద టైములో ఊరి గ్రూపులో ఒక వీడియో వచ్చింది. కాజ్‌వే మీద నుంచి నీళ్ళు పారుతున్నాయి, కింద "ఇప్పుడే, మన పక్క ఊరే" అని రాసుంది. గోదారి మధ్య ఉన్న మా లంకలో కొందరు గేదెల్ని విప్పి ఏటిగట్టు మీదికి తోలడానికి బయల్దేరారు. నేను వీడియో ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఫొటోతో వెతికాను. అదే దృశ్యం 2022 జులై వార్తల్లో ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం కూడా చూశాను. మొదటి హెచ్చరిక ఇచ్చేది 11.75 అడుగులకి. నీరు అప్పటికి ఇంకా కిందే ఉంది. రెండూ గ్రూపులో పెట్టాక పెద్దవాళ్ళు ఫోన్లు చేసి కనుక్కుని, గేదెల్ని మళ్ళీ కట్టేశారు.

వికీపీడియాలోనే బాధేసింది. మా ఊరి పేజీలో 1986 ఆగస్టు వరదప్పుడు జనం గుడి మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్న సంగతి నాయనమ్మ చెప్పినట్టే రాశాను. మర్నాటికి తీసేశారు, మూలం లేదని. అడిగితే మర్యాదగానే జవాబిచ్చారు. పుస్తకమో పత్రికో చూపిస్తే మళ్ళీ పెట్టొచ్చట.

రాజోలు_నెట్‌సెంటర్

తప్పనిసరి అక్కర్లేదమ్మా. పిల్లల అవస్థ రోజూ చూస్తున్నవాణ్ణి చెప్తున్నాను. ఇంట్లో ఒక్కటే ఫోను, అది నాన్నతో పాటు చేపల చెరువు దగ్గర ఉంటుంది. రాత్రి ఆయనొచ్చాక పిల్ల చేతికిస్తే అప్పటికి డేటా అయిపోయి ఉంటుంది. వారానికో పోస్టు అంటే వాళ్ళెక్కడికి పోతారు? నా దగ్గరికే వస్తారు. చదువు వదిలేసి నా షాపులో కూచోవడం నాకే నచ్చదు.

ఇంకో మాట. 2022 మేలో అమలాపురం గొడవల తరవాత కోనసీమలో దాదాపు రెండు వారాలు మొబైల్ నెట్ ఆపేశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే పిల్లలు లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం గోదారి గట్టు వెంట తిరిగారు, కొందరు యానాం పోయారు. అలాంటి చోట మార్కులన్నీ నెట్ మీద పెడితే ఎలా?

యానాం_బుల్లోడు

మార్కులంటే అందరూ తెరుస్తారు. సెమిస్టర్ అయ్యాక ఒక్కరూ చూడరు.

పాలకొల్లు_మాస్టారు

అమ్మాయి రాసినదాంట్లో అందరూ వదిలేసిన మాట ఒకటుంది. నాయనమ్మ కళ్ళారా చూసి చెప్పినదానికి "మూలం లేదు" అన్నారట. ఆ సంవత్సరం ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఆ నీళ్ళలో నిలబడి బతికిన మనిషి కంటే మూలం ఏముంటుంది? నేను ముప్పై ఏళ్ళకి పైగా సోషల్ చెప్పాను. లంకల చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు, ముసలివాళ్ళ నోళ్ళలో ఉంది. రాతలో ఉన్నదే నిజం, ఇంట్లో పెద్దలు చెప్పింది కాదు అని ఈ క్లాసు పిల్లలకి నేర్పుతోంది. నాకు అభ్యంతరం అక్కడ. ఖాతాలు తెరుచుకోండి, మూసుకోండి, నాకు పట్టదు.

కువైట్‌లో_అమ్మ

మా అమ్మాయికి పదహారేళ్ళు, ఇంటర్. రాజోలు దగ్గర మా అమ్మ పెంచుతోంది. నేనిక్కడ ఇంటిపని చేస్తాను. కాబట్టి ఫోన్ వద్దని నేననను, నా బిడ్డ మొహం నేను చూసేది దాంట్లోనే.

కానీ నిరుడు ఎవడో దాని ఫొటో తీసుకుని, దాని పేరుతోనే వేరే ఖాతా తెరిచి, క్లాసు అబ్బాయిలందరికీ మెసేజీలు పెట్టాడు. ఆ పిల్ల భయపడి కాలేజీకి పోవడం మానేసింది. ఇక్కడ మా కపీలు, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, పడుకున్నాక రాత్రంతా కూచుని నాకు తెలిసినవాళ్ళందరి చేతా రిపోర్టు కొట్టించాను. కేంద్రం వాళ్ళ సైబర్ క్రైమ్ పోర్టల్లో కూడా పెట్టించాను. కొన్ని వారాలకి ఆ ఖాతా పోయింది. పిల్ల మునుపటిలా నవ్వడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మార్కుల కోసం పబ్లిక్ పేజీ పెట్టమనే మేడమ్ గారు అలాంటిది జరిగిన రోజున వచ్చి నిలబడతారా?

లంకమ్మాయి

అమ్మా, మీ అమ్మాయికి జరిగింది చదివి చాలా బాధేసింది.

మా మేడమ్ గారు పేజీ తెరిపించే ముందే రెండంచెల భద్రత పెట్టించారు. పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసినా రెండో కోడ్ లేకుండా లోపలికి రాలేరు. మొహం ఫొటో పెట్టొద్దన్నారు. ఊరి పేరు, ఇంటి పేరు, ఫోన్ నంబరు బయటికి కనపడకుండా ఎక్కడ ఆపాలో ఒక్కొక్కరి దగ్గరా నిలబడి చేయించారు. నా పేజీకి మా రేవు ఫొటో ఉంది. డబ్బు మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యమని కూడా చెప్పారు. క్లాసులో అందరికీ పద్దెనిమిది నిండాయి.

భీమవరం_చెరువులు

రొయ్య రేటు కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయి) వారీగా పొద్దున్నే గ్రూపులో చూసుకున్నాకే ఏజెంటుతో మాట్లాడతాను. ఇదివరకు వాడు చెప్పిందే రేటు. పిల్లలు నేర్చుకోవాల్సిందే.

రాజోలు_నెట్‌సెంటర్

రొయ్య రేటు చూసుకోవడానికి పబ్లిక్ పేజీ ఎందుకండి? ఇక్కడ విషయం అది కాదు. నెట్ ఆగితే మార్కులెలా అన్నాను, దానికి ఎవరూ బదులివ్వలేదు.

లంకమ్మాయి

నెట్ లేని వారం కాగితం మీద రాసిచ్చినా తీసుకుంటామన్నారు.

రాజోలు_నెట్‌సెంటర్

అలా అంటారు. రాసిచ్చారా? నోటిమాటేగా.

పాలకొల్లు_మాస్టారు

చూశారా, ఇక్కడా "రాసిచ్చారా" అనే అడుగుతున్నారు. నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే. నాయనమ్మది నోటిమాట కాబట్టి చెల్లదు, కాలేజీవాళ్ళది నోటిమాట కాబట్టి నమ్మం. మాటకి విలువ లేని చోట పిల్లలకి ఏం నేర్పుతారు?

గట్టుమీద_కుర్రాడు

మాస్టారూ, ముందు అసలు టాపిక్ మీదికి రండి. వికీపీడియాకి వాళ్ళ నియమాలు వాళ్ళకున్నాయి. ప్రతివాళ్ళూ మా తాత చెప్పాడని రాస్తే అదీ ఆ వరద వీడియోలాగే తయారవుతుంది.

పాలకొల్లు_మాస్టారు

ఆ ముసలమ్మని దొంగ వీడియోతో పోలుస్తావా? పెద్దవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకో.

రాజోలు_నెట్‌సెంటర్

నేను మొదట చెప్పినదానికే వస్తున్నాను. ఈ పిల్లలు పేజీలు, వికీపీడియా అంటారు గానీ ప్రభుత్వం వాళ్ళ జ్ఞానభూమి వెబ్‌సైట్‌లో స్కాలర్‌షిప్ సంగతి చూసుకోలేరు. పరీక్ష ఫీజు కట్టుకోలేరు. హాల్ టికెట్ తీసుకోవడానికి కూడా నా దగ్గరికే వస్తారు. ఆఖరి రోజు సర్వర్ మొరాయిస్తే రాత్రి పదకొండు దాకా షట్టర్ సగం దించి కూచునేది నేను. మాలాంటివాళ్ళం ఉన్నాం కాబట్టే ఇక్కడి పిల్లలు పైచదువులకి వెళ్ళారు. ఏదో నాలుగు బటన్లు నొక్కడం రాగానే అన్నీ వచ్చేసినట్టు మాట్లాడకూడదు.

లంకమ్మాయి

అన్నయ్యగారూ, నాలుగు బటన్లు అన్నారు కాబట్టి ఇప్పటిదాకా రాయనిది రాస్తున్నాను.

ఇంటర్ అయ్యాక డిగ్రీ అడ్మిషన్లు ఓఏఎండీసీ అనే అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో, ఆన్‌లైన్‌లోనే కదా. మాకు దగ్గర్లో ఒక సెంటరుకి నాన్న తీసుకెళ్ళారు. ఏ కాలేజీ ముందు, ఏది తరవాత అని నేను నోట్‌బుక్ కాగితం మీద వరసగా రాసుకెళ్ళాను. నన్ను బల్ల ఇవతల కూచోబెట్టి, స్క్రీన్ ఆయన వైపే తిప్పుకుని అన్నీ ఆయనే కొట్టారు. మొబైల్ నంబరు దగ్గర నాన్నది అడగలేదు, ఆయనదే వేశారు. ఓటీపీ ఆయనకే వచ్చింది. సీటు వచ్చాక చూస్తే నేను నాలుగోదిగా రాసిన కాలేజీ. వరస మారిపోయింది. మార్చుకుందామంటే పాస్‌వర్డ్ లేదు, నంబరు నాది కాదు. మళ్ళీ వెళ్తే ఆయన ఊళ్ళో లేరన్నారు, ఈలోగా గడువు అయిపోయింది. నాకు కావాల్సిన కోర్సు ఈ కాలేజీలో లేదు. ఇప్పుడు రోజూ రెండు బస్సులు మారి వెళ్తున్నాను. అది మీ సెంటరు కాదు, మిమ్మల్ని అనడం లేదు.

మేడమ్ గారు మొదటి క్లాసులో అడిగింది ఒక్కటే, "మీ మెయిల్‌కి ఎవరి నంబరు ఉంది?" అని. క్లాసులో సగం మందికి పైగా తెలియదన్నారు. కొందరికి సెంటరు నంబరు, ఒకమ్మాయికి ఎవరో ఆర్‌ఎంపీ డాక్టరు గారి నంబరు. పేజీ నలుగురూ చూడటానికి కాదండి నేను నేర్చుకున్నది. నా పేరుతో ఉన్నది నా చేతిలో ఉండటానికి.

రాజోలు_నెట్‌సెంటర్

నన్ను అనడం లేదంటూనే అంటున్నావు. నంబరు ఎందుకు వేస్తామో తెలుసా? రీచార్జి అయిపోయిన సిమ్ములతో వస్తారు. ఓటీపీ రాదు, వచ్చినా టైమైపోతుంది, వెనకాల ఇరవై మంది లైన్లో ఉంటారు. నా నంబరు వేస్తే పని అవుతుంది. పిల్లాడి సంవత్సరం పోకుండా చూశాను నేను. ఇప్పుడు అది దొంగతనమైపోయిందా?

భీమవరం_చెరువులు

దొంగతనం అని ఎవరన్నారండి? కానీ ఏజెంటు కూడా నాకు సాయమే చేస్తున్నానన్నాడు.

రాజోలు_నెట్‌సెంటర్

ఏజెంటుతో పోల్చొద్దు. నేను ఫారానికి తీసుకునేది చూస్తే మీకే సిగ్గేస్తుంది.

కువైట్‌లో_అమ్మ

ఇద్దరూ ఆగండి. ఇప్పుడే మా అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. దాని మెయిల్‌కి కూడా సెంటరు నంబరే ఉందట. అంటే ఆ దొంగ ఖాతా గొడవప్పుడు దాని అసలు మెయిల్ పోయినా మేం వెనక్కి తెచ్చుకోలేకపోయేవాళ్ళం. ఒళ్ళు జలదరించింది.

బాబూ రాజోలు, మీరు మంచివారే. మా అమ్మ పింఛను పని కూడా మీలాంటివాళ్ళే చేసిపెడతారు. కానీ నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో నా పాస్‌పోర్ట్ నేను పనిచేసే ఇంటి మేడమ్ దగ్గర ఉండేది. భద్రంగా ఉంటుందనే చెప్పింది. నాది నాకు కావాల్సిన రోజున అడుక్కోవాల్సి వచ్చింది. మా అమ్మాయికి అలాంటిది వద్దు. మెయిలు, నంబరు, పాస్‌వర్డ్ తప్పనిసరి చెయ్యండి, నేనే చెయ్యెత్తుతాను. పబ్లిక్ పేజీ మాత్రం వద్దు. ఆ రెంటినీ ఒకే మార్కుల్లో కలపడం తప్పు.

లంకమ్మాయి

పేజీ లేకపోతే వీడియో అబద్ధమని నేను ఎక్కడ చెప్పేదాన్నమ్మా?

కువైట్‌లో_అమ్మ

ఊరి గ్రూపులోనేగా చెప్పావు. అక్కడ నిన్నెరిగినవాళ్ళే ఉన్నారు. పేజీకి ఎవడైనా వస్తాడు. ఈ మాట మీద నేను మారను.

పాలకొల్లు_మాస్టారు

అమ్మాయీ, అడ్మిషన్ సంగతి చదివాను. నీకు అన్యాయం జరిగింది. నాయనమ్మ విషయంలో మాత్రం నా మాట నాదే. అయినా రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళు. పాత పత్రికలుంటాయి. 1986 ఆగస్టు సంచికలు అడిగి చూడు. మీ లంక పేరు కనపడితే పేజీ నంబరుతో సహా రాసుకో. వెళ్ళేముందు నాయనమ్మని కూచోబెట్టి ఆవిడ గొంతు ఫోన్‌లో రికార్డు చెయ్యి. వాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది నీ దగ్గరుండాలి.

యానాం_బుల్లోడు

నా మెయిల్‌కి ఎవరి నంబరుందో ఇప్పుడు చూశాను. రెండేళ్ళ కిందట పారేసిన సిమ్ము. ఎలా మార్చాలి?

రాజోలు_నెట్‌సెంటర్

ఫోన్‌లో ఖాతా ఇంకా తెరిచి ఉందా? ఉంటే లాగౌట్ మాత్రం చెయ్యకు. సెట్టింగుల్లో ఖాతా భద్రతలోకి వెళ్ళి కొత్త నంబరు చేర్చు, దానికి కోడ్ వచ్చాకే పాతది తీసెయ్యి. ముందే తీసేస్తే ఇరుక్కుంటావు.

లంకమ్మాయ్, నా సెంటరులో నా నంబరుతో ఉన్న పిల్లల ఖాతాలు ఎవరొచ్చి అడిగినా వాళ్ళ నంబరుకి మార్చిపెడతాను, డబ్బులు తీసుకోను. కానీ తప్పనిసరి మాట నేనింకా ఒప్పుకోలేదు. మీటింగ్‌లో నాన్నగారిని ఒకటి అడగమను. ఇంట్లో ఫోన్ లేని పిల్లల కోసం కాలేజీ ల్యాబ్ సాయంత్రం ఎన్నింటి దాకా తీసి ఉంచుతారు?

లంకమ్మాయి

నాలుగింటికే మూసేస్తారండి. మా చివరి క్లాసు అయ్యేది కూడా నాలుగింటికే. నాన్న ఇది అడుగుతానన్నారు, కాగితం మీద రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు.