18 ఏళ్ల కుర్రాడు, రెండేళ్ల మిషన్: అది అతని ఇష్టమేనా?

లీహై శీను

మేముండేది యూటా రాష్ట్రంలో, లీహై అనే ఊళ్లో. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు పెరిగాక ఇక్కడికి మనవాళ్లూ బాగానే చేరారు. మా వీధిలో మాత్రం ఎక్కువ ఇళ్లు మోర్మన్లవే. 2018లో వాళ్ల అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ ఆ పేరు వాడొద్దని, ‘చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్‌డే సెయింట్స్’ అని పూర్తిగా అనమని కోరారు. అర్థం కావడం కోసం ఇక్కడ పాత పేరే వాడుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

మా పక్కింటి కుర్రాడు హైస్కూల్ అయిపోగానే మిషన్‌కు, అంటే రెండేళ్లు ఇల్లు వదిలి చర్చి తరఫున మతప్రచారం చేయడానికి, అప్లై చేశాడు. ఏ దేశం వెళ్లాలో వాళ్లు కోరుకోవడానికి లేదు. సాల్ట్ లేక్ సిటీలోని చర్చి ప్రధాన కార్యాలయం నుంచి పిలుపు వస్తుంది, అందులో ఏముంటే అదే. ఆ పిలుపు తెరిచే రోజు మమ్మల్నీ రమ్మన్నారు. హాలు నిండా చుట్టాలు, ఫ్రెండ్స్. గోడకు ప్రపంచ పటం. ఎవరి అంచనా ప్రకారం వాళ్లు దాని మీద పిన్ను గుచ్చాలి. నేను జపాన్ మీద గుచ్చాను. అతను ల్యాప్‌టాప్ తెరిచి పైకి చదివాడు: బ్రెజిల్, ఫోర్టలేజా మిషన్, పోర్చుగీసు. ఇల్లంతా కేకలు. వాళ్లమ్మ చప్పట్లు కొడుతూనే ఏడ్చేసింది.

ఇప్పుడు వెళ్లిపోయాడు. రెండేళ్లు డేటింగ్ లేదు, సినిమాల్లేవు, ఈత కూడా కొట్టకూడదు. తోడు ఇచ్చిన ఇంకో మిషనరీని వదిలి ఒక్కడే ఎక్కడికీ వెళ్లకూడదు. పైగా జీతం లేదు, ఎదురు డబ్బు కట్టాలి. 2020 జూలై వరకు నెలకు 400 డాలర్లు ఉండేది, అప్పుడు 500 చేశారు. వాళ్ల నాన్న సగం పెడుతున్నాడు, మిగతా సగం పిల్లాడు ఐస్‌క్రీమ్ షాపులో పనిచేసి దాచుకున్నది.

నా ప్రశ్న మతం గురించి కాదు. 18 ఏళ్ల పిల్లాడు తీసుకునే ఈ నిర్ణయం నిజంగా అతని సొంతమేనా? అతనికి దీనివల్ల ఒరిగేదేమిటి?

గోదారి గట్టు

సొంతం ఎలా అవుతుంది శీను గారూ? పుట్టినప్పటి నుంచి “పెద్దయ్యాక మిషన్‌కు వెళ్తావు” అని చెవిలో ఊదుతూ పెంచుతారు. చిన్నపిల్లలకు నేర్పే పాటల్లోనే ఉంటుందిది. 2022 ఏప్రిల్‌లో ఇదే నెల్సన్ గారు మళ్లీ చెప్పారు: అర్హత, ఆరోగ్యం ఉన్న ప్రతి మగపిల్లాడూ వెళ్లాలి, ఆడపిల్లలకు మాత్రం అది వాళ్ల ఇష్టం అని. అంటే మగపిల్లలకు ఇష్టం అన్న మాటే లేదు కదా.

వయసు సంగతి చూడండి. 2012 దాకా మగపిల్లలకు 19, ఆడపిల్లలకు 21 ఉండేది. ఆ అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు థామస్ మాన్సన్ దాన్ని 18కి, 19కి దించారు. అప్పుడు 58 వేలున్న మిషనరీలు రెండేళ్లు తిరిగేసరికి 80 వేలు దాటారు. 19 అయితే ఒక ఏడాది కాలేజీలో ఉంటాడు, వేరే రకం మనుషుల్ని చూస్తాడు, రెండు ప్రశ్నలు వేస్తాడు. ఆ ఏడాదినే తీసేశారు. కాకతాళీయం అనుకోమంటారా?

రెసీఫే నుంచి వచ్చినవాడు

ఈ ఫోరమ్‌లో నాలాంటివాళ్లు ఎక్కువమంది ఉండరు, అందుకే రాస్తున్నాను. మా అమ్మానాన్నలది రాజమండ్రి. నేను పెరిగింది సాల్ట్ లేక్‌లో. చర్చి సభ్యుణ్ణి. 2014లో ఈశాన్య బ్రెజిల్‌కే, రెసీఫే మిషన్‌కు వెళ్లాను. శీను గారి పక్కింటి అబ్బాయి ఉన్నదానికి దగ్గర ప్రాంతమే, ఎండ కూడా అదే ఎండ.

ముందు రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, ఇక్కడ చాలామంది రూల్స్ జాబితా చూసి మాట్లాడుతున్నారు. ఉదయం 6:30కి లేవాలి. కాసేపు వ్యాయామం, స్నానం, తర్వాత చదువు. ఒకరే కొంతసేపు, తోడుతో కలిసి కొంతసేపు, మళ్లీ భాష. మా బాత్‌రూమ్‌లో షవర్ మూతిలోనే కరెంటు హీటర్ ఉండేది, వైర్లు బయటికే కనిపించేవి. చెయ్యి పైకెత్తితే షాక్ కొడుతుందేమోనని మొదటి వారం వంగి స్నానం చేశాను. తర్వాత బయటికి. అక్కడ తలుపు కొట్టరు, గేటు బయట నిలబడి చప్పట్లు కొట్టి “ఓ దె కాజ” అని కేకేస్తారు. వీధి పొడవునా చప్పట్లు కొట్టుకుంటూ పోతే ముందు కుక్కలు వస్తాయి, తర్వాత పిల్లలు, చివరికి ఎవరో అవ్వ.

మధ్యాహ్నం భోజనం చర్చి సభ్యుల ఇళ్లలో, వంతులవారీగా. అన్నం, బీన్స్ కూర, కర్రపెండలం పిండితో చేసిన ఫరోఫా, కోడి. అన్నం పక్కనే స్పగెట్టి కూడా పెడతారు, అదెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. రెండోసారి వడ్డించుకోకపోతే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుంది. అసలు ఇబ్బంది దాని తర్వాత. మాకు కాఫీ, టీ నిషేధం. బ్రెజిల్‌లో బయటివాళ్ల ఇంటికి వెళ్తే చిన్న గ్లాసులో కాఫీ ఇవ్వకుండా పంపరు. వద్దంటే మొహం చిన్నబోతుంది. మంచినీళ్లు అడగాలని త్వరగానే నేర్చుకున్నాను. ఆమెకు ఇచ్చానన్న తృప్తి, నాకు దాహం తీరుతుంది.

సోమవారం సెలవులాంటిది. బట్టలు సిమెంటు తొట్టి దగ్గర చేత్తో ఉతకడం, సరుకులు, క్షవరం, ఇంటర్నెట్ షాపుకెళ్లి ఇంటికి ఈమెయిల్. తెల్ల చొక్కా కాలరు మీద ఎర్రమట్టి ఎంత రుద్దినా పోదు.

ఇక కష్టం. అందరూ తలుపులు మూసేస్తారు కదా, అవమానం కదా అని అడుగుతారు. అది రెండు వారాల్లో అలవాటైపోతుంది. నాకు కష్టమైంది ఒంటరిగా ఉండలేకపోవడం. బాత్‌రూమ్ తప్ప ఎక్కడికెళ్లినా తోడు కళ్లముందో చెవి దూరంలోనో ఉండాలి. ఒకతను బూట్లకు పాలిష్ చేస్తూ ఈల వేసేవాడు, ఒకే రాగం, రోజూ. గొడవపడి పక్కగదిలోకి వెళ్లి కూర్చునే వీల్లేదు. మాకు ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది. ఆ కబురు కోసం చూసినంతగా నేను ఇంజనీరింగ్ రిజల్ట్స్ కోసం కూడా చూడలేదు. కానీ ఇవాళ ఆఫీసులో ఎలాంటివాడితోనైనా సర్దుకుపోగలుగుతున్నానంటే అది ఆ ఈల పుణ్యమే.

నా నిర్ణయం నాదే. ఇంట్లో ఒత్తిడి లేదని చెప్పను. ఉండేది.

చార్వాకుడు 2.0

బ్రదర్, చాలా బాగా రాశారు, కానీ మీ కథలో బ్రెజిల్ వాళ్లు అన్నం పెట్టేవాళ్లు, కాఫీ ఇచ్చేవాళ్లుగా మాత్రమే ఉన్నారు. ఈ వ్యవస్థ వాళ్లకేం చేసింది? 1978 జూన్ దాకా ఆఫ్రికా మూలాలున్న మగవాళ్లకు మీ చర్చిలో యాజకత్వం (కర్మలు జరిపే అధికారం) ఇచ్చేవారు కాదు. బ్రెజిల్‌లో ఎవరి వంశంలో ఎవరున్నారో ఎవరు చెప్పగలరు? ఆరోజుల్లో మీలాంటి కుర్రాళ్లే ఇళ్లలో కూర్చుని ఆరా తీసేవాళ్లు, ఫొటోలు చూపించమని అడిగి మరీ. బ్రెజిల్‌లోనే సావో పాలోలో మీ గుడి (టెంపుల్) కట్టడం పూర్తికావస్తుంటే ఎవర్ని లోపలికి రానివ్వాలో తేలక ఆ నిబంధన మీద ఒత్తిడి పెరిగింది. చర్చికి కింబల్ అధ్యక్షుడిగా ఉండగా అది ఎత్తేశారు, ఆ ఏడాది చివర్లోనే గుడి ప్రతిష్ఠ.

ఇంకొకటి. 1960 ప్రాంతంలో బ్రిటన్‌లో మిషనరీలు పిల్లలకు బేస్‌బాల్ నేర్పి, జట్టులో చేరాలంటే బాప్తిస్మం తీసుకోవాలన్నారు. దాన్నే బేస్‌బాల్ బాప్తిస్మాలు అంటారు. తర్వాత ఆ పేర్లలో చాలావాటిని రికార్డుల నుంచి తీసేయాల్సి వచ్చింది. 19, 20 ఏళ్ల కుర్రాళ్ల చేతికి టార్గెట్ ఇచ్చి వదిలితే ఇలాగే ఉంటుంది. మన సేల్స్ టీముల్లో చూడట్లేదా?

రెసీఫే నుంచి వచ్చినవాడు

మీరు చెప్పిన రెండూ నిజమే. నేను కాదనను, సమర్థించను కూడా. రెసీఫేలో నాకు భోజనం పెట్టిన ఒక పెద్దాయన నల్లజాతీయుడు. 1978కి ముందే సభ్యుడయ్యాడట. ఆ ఏళ్లు ఎందుకు భరించారని ఒకసారి అడిగాను. నవ్వి, నా ప్లేటులో ఇంకో గరిటె బీన్స్ వేశాడు. దాన్ని సమాధానమని నేననను.

టార్గెట్ల మాటకొస్తే, మాకూ వారం వారం అంకెలు రాసి పంపడం ఉండేది. ఎంతమందిని కలిశాం, ఎన్ని పాఠాలు చెప్పాం వగైరా. అంకెలు తక్కువున్న ఆదివారం రాత్రి టెన్షన్‌గా ఉండేది. ఆ విషయంలో మీ సేల్స్ టీము పోలిక నాకు నొప్పి కలిగించినా తప్పు కాదు.

వనజ కె

నాకు ఈ గుడులు, చరిత్రలు అంతగా తెలియవు. నేను తల్లిగా అడుగుతున్నాను. ఫోన్ సంగతేంటి బాబూ?

రెసీఫే నుంచి వచ్చినవాడు

నా రోజుల్లో ఏడాదికి రెండుసార్లేనండీ. క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకి ఒకటి. మిగతా అంతా ఈమెయిల్, అదీ వారానికోసారి. 2019 ఫిబ్రవరిలో మార్చారు. ఇప్పుడు వారానికోసారి వీడియో కాల్ చేసుకోవచ్చు. మా అమ్మకు ఆ వార్త చెబితే సంతోషించాల్సింది పోయి, అంతకుముందు ఎందుకు కుదరలేదని అరగంట తిట్టింది.

వనజ కె

ఆవిడకు నా నమస్కారం చెప్పు.

గోదారి గట్టు గారూ, మీకొక మాట. మా అబ్బాయిని పదో తరగతి అవ్వగానే విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. పదిహేనేళ్లు వాడికి. తెల్లారకముందే లేపేవాళ్లు, రాత్రి స్టడీ అవర్. సెల్ ఫోన్ లేదు, ఆదివారం వార్డెన్ ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఏ గ్రూపో, ఏ కాలేజీయో వాణ్ణి అడిగామా? సంతకం వాళ్ల నాన్న పెట్టారు. దానికి లక్షలు కట్టాం. మన పిల్లల్ని ర్యాంకు కోసం పంపితే క్రమశిక్షణ, వాళ్లు దేవుడి కోసం పంపితే బ్రెయిన్‌వాష్. ఇదెక్కడి న్యాయం?

గోదారి గట్టు

వనజ గారూ, నేను ఆ హాస్టళ్లను మెచ్చుకున్నానా? నేనూ వాటిలోనే చదివాను. రెండూ తప్పే అంటాను. ఇంకోటి, మీ అబ్బాయి మధ్యలో బ్యాగు సర్దుకుని వచ్చేస్తే ఏమయ్యేది? నాలుగు రోజులు ఇంట్లో గొడవ, తర్వాత ఊళ్లో కాలేజీలో చేరేవాడు. యూటాలో అలా వచ్చేస్తే జీవితాంతం అడుగుతారు. పెళ్లి సంబంధాల దగ్గరా, ఉద్యోగాల దగ్గరా. వెళ్లడానికి సంతకం ఎవరు పెట్టారన్నది నాకు పెద్ద విషయం కాదు. మధ్యలో వచ్చేయడానికి ఎంత ఖరీదు చెల్లించాలో చూడండి, అప్పుడు తెలుస్తుంది అది ఇష్టమో కాదో.

రెసీఫే గారు దీనికి జవాబు చెప్పాలి.

రెసీఫే నుంచి వచ్చినవాడు

చెప్తాను. ఐడహో నుంచి వచ్చిన ఒక తోడు ఉండేవాడు నాకు. రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు, పగలు చేతులు వణికేవి. ఐదో నెలలో పంపించేశారు. వైద్య కారణాలని కాగితం మీద ఉంది. ఊరికి వెళ్లాక ఆదివారం చర్చిలో జనం కరచాలనం చేసి, వెంటనే వేరే మాట ఎత్తేవాళ్లట. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు, అదే కష్టంగా ఉందని రాశాడు. రెండేళ్లు పూర్తి చేసి వచ్చినవాడికి విమానాశ్రయంలో బ్యానర్లు, బెలూన్లు. ఇతని కోసం వాళ్ల నాన్న ఒక్కడే వచ్చాడట.

పెద్దలకూ ఇది తెలియక కాదు. ఆరోగ్యం సహకరించనివాళ్లు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి సేవా మిషన్ చేయొచ్చు. కానీ వీధిలో వాళ్లు దాన్ని అదే కంటితో చూస్తున్నారా అంటే, ఇంకా లేదు. ఈ ఒక్క విషయంలో గోదారి గట్టు గారిదే పైచేయి.

అయినా నేను వెనక్కి వెళ్లి ఎంచుకోమంటే మళ్లీ వెళ్తాను. ఆ భాష, ఆ వీధులు నాకు ఇంకెలా దొరికేవి? హార్వర్డ్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్సన్ కొరియాలో చేశారు, అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన మిట్ రోమ్నీ ఫ్రాన్స్‌లో చేశారు.

చార్వాకుడు 2.0

రోమ్నీ పేరు ఎత్తారు కాబట్టి మిగతాదీ చెప్పండి. 1968లో అదే మిషన్‌లో కారు ప్రమాదమై ఆయన చావు తప్పించుకున్నారు, మిషన్ ప్రెసిడెంట్ గారి భార్య పోయారు. 2016లో బ్రస్సెల్స్ విమానాశ్రయంలో బాంబు పేలినప్పుడు గాయపడినవాళ్లలోనూ మిషనరీలున్నారు. గొప్పవాళ్లైన ఇద్దర్ని చూపించి వ్యవస్థ మంచిదనడం మన కోచింగ్ సెంటర్ల హోర్డింగుల లెక్కే.

హైదరాబాదీ నాని

మధ్యలో ఒక డౌటు. వీళ్లు మన దగ్గర కూడా ఉన్నారా?

రెసీఫే నుంచి వచ్చినవాడు

ఉన్నారు. కొన్ని సంఘాలు కలిపితే స్టేక్ అంటారు. ఇండియాలో మొట్టమొదటి స్టేక్ 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. విశాఖ, రాజమండ్రిలలో కూడా సంఘాలున్నాయి. బెంగళూరులో గుడి కడతామని 2018లో ప్రకటించారు.

లీహై శీను

ఇంత చర్చ అవుతుందనుకోలేదు. గోదారి గట్టు గారు అడిగిన ‘మధ్యలో వచ్చేస్తే’ ప్రశ్న నిన్న పక్కింటాయన్నే అడిగాను, కాస్త మొహమాటంగానే. “వచ్చేస్తే వచ్చేస్తాడు, నా కొడుకే కదా” అన్నాడు. ఆయన భార్య మాత్రం ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. నా మటుకు నాకు వెళ్లడం అతని ఇష్టమే అనిపిస్తోంది, ఉండిపోవడం ఎంతవరకు ఇష్టమో చెప్పలేను.

సరే, ప్రాక్టికల్ విషయం. మా ఇంటికీ నెలకోసారి ఇద్దరు కుర్రాళ్లు వస్తారు, నల్ల నేమ్ ట్యాగులతో. మాకు మతం మారే ఉద్దేశం లేదు. మొహాన తలుపు వేయడం మా ఆవిడకు ఇష్టం ఉండదు. ఏం చేయమంటారు?

రెసీఫే నుంచి వచ్చినవాడు

మంచినీళ్లివ్వండి. మిగిలిన పులిహోర ఉంటే పెట్టండి, వద్దనరు. టీ మాత్రం పెట్టొద్దు. తర్వాత సూటిగా “మాకు ఆసక్తి లేదు బాబూ” అని ఒక్కమాట చెప్పేయండి. మనవాళ్లు మొహమాటానికి “చూద్దాం లెండి, వచ్చేవారం రండి” అంటారు. బ్రెజిల్‌లో కూడా ఇదే తంతు. ఆ కుర్రాళ్లు దాన్ని డైరీలో రాసుకుంటారు, వచ్చేవారం ఎండలో నడుచుకుంటూ నిజంగానే వస్తారు. నేను అలా ఎన్ని గేట్ల ముందు చప్పట్లు కొట్టానో. లోపల టీవీ ఆపేసిన చప్పుడు వినిపించేది.

వనజ కె

పులిహోరలో మిరపకాయలు కాస్త తగ్గించి పెట్టు శీనూ, చిన్నపిల్లలు.