నడిసముద్రంలో ఆకాశాన వింత వెలుగు: చేపల వేటలో ఉండగా మీరెవరైనా చూశారా?

ఉప్పుగాలి
బోట్ల మీద పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మొన్న రాత్రి వల వదిలి డెక్ మీద కూర్చున్నాం. చంద్రుడు లేడు, తెల్లవారడానికి ఇంకా చాలా టైముంది. తూర్పున నీళ్ళకు కొంచెం పైన నారింజ రంగు వెలుగు ఒకటి లేచింది. కాసేపు కదలకుండా నిలబడి, మెల్లగా కిందికి దిగి ఆరిపోయింది. వెంటనే దాని పక్కనే ఇంకొకటి. అదీ అంతే. సరంగు (బోటు నడిపే పెద్ద) ఇంజను ఆపించి మరీ విన్నాడు, ఏ చప్పుడూ లేదు. "వల సంగతి చూడండిరా" అని మమ్మల్ని కసురుతూనే తను మాత్రం అటువైపే చూస్తున్నాడు. ఫోన్‌లో తీస్తే చుక్క తప్ప ఏమీ పడలేదు. మావాళ్ళలో సగం మంది పళ్ళెంలా గుండ్రంగా ఉందంటున్నారు. నాకైతే ఏ ఆకారమూ కనపడలేదు.

లంగరు
డ్రోన్ అయ్యుండదు. మామూలు డ్రోన్ బ్యాటరీ అరగంట వస్తే గొప్ప. ఒడ్డుకు అంత దూరంలో ఎగరేయాలంటే పక్కన బోటో ఓడో ఉండాలి.

మేం ఒకసారి ఆకుపచ్చ వెలుగు చూశాం. మబ్బుల అడుగున ఆకుపసరు పూసినట్టు ఉంది. అటుగా వెళ్తూ వెళ్తూ ఉంటే చివరికి తేలింది ఏమిటంటే, స్క్విడ్ (చేతులున్న ఒక మెత్తటి సముద్రజీవి) పట్టే బోట్లు. రెండు పక్కలా కడ్డీలకు ఆకుపచ్చ లైట్లు వేలాడదీస్తారు, ఆ వెలుగుకు స్క్విడ్లు పైకొస్తాయి. బోట్లు దిగంతానికి అవతల ఉంటాయి కాబట్టి కనపడవు, కాంతి మాత్రం మబ్బులకు తగిలి మనకు తెలుస్తుంది. అంతరిక్షం నుంచి తీసిన ఫొటోల్లో థాయ్‌లాండ్ సింధుశాఖలో ఈ పచ్చ చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి.

గాలివాటం
మీరంతా ఏదో ఒక వివరణ అతికించడానికే చూస్తారు గానీ, షాగ్ హార్బర్ సంగతి ఎవరైనా చెప్పండి చూద్దాం. కెనడాలో నోవా స్కోషియా తీరంలో ఒక చేపల రేవు అది. 1967 అక్టోబర్ 4 రాత్రి వరసగా మినుకుమంటున్న లైట్లు ఏటవాలుగా దిగి సముద్రంలో పడ్డాయి. చూసినవాళ్ళు విమానం కూలిందనుకుని పోలీసులకు ఫోన్ చేశారు. ఒడ్డుకొచ్చిన పోలీసులు కూడా నీళ్ళ మీద తేలుతున్న వెలుగును చూశారు. ఆ ఊరి జాలర్లు మనుషుల్ని కాపాడదామని బోట్లు తీసుకుని పరుగెత్తారు. వాళ్ళు వెళ్ళేసరికి వెలుగు లేదు, పసుపు రంగు నురగ తేలుతోంది. తర్వాత నేవీ డైవర్లు రోజుల తరబడి అడుగంతా వెతికినా ఏమీ దొరకలేదు. ఆ ప్రాంతంలో ఏ విమానమూ తప్పిపోలేదు. ప్రభుత్వ కాగితాల్లోనే గుర్తు తెలియని ఎగిరే వస్తువు అని రాసుకున్నారు. 2019లో కెనడా టంకశాల దాని మీద వెండి నాణెం కూడా వేసింది!

చుక్కల_లెక్క
నాణెం వేసినంత మాత్రాన రుజువు కాదు అన్నా 🙂 కానీ ఆ కేసు గట్టిదే, ఒప్పుకుంటాను. నాకు అందులో నచ్చేది ఆ జాలర్లు. వింత అని నోరు తెరుచుకుని చూడలేదు, ఎవరో ఆపదలో ఉన్నారనుకుని వెళ్ళారు.

ఉప్పుగాలి గారూ, సముద్రం మీద ఉన్న పెద్ద చిక్కేమిటంటే దూరం తెలియదు. చెట్టూ గుట్టా ఉండవు కదా. దూరం తెలియనప్పుడు "ఇంత పెద్దది", "ఇంత స్పీడు" అన్న మాటలకు అర్థం లేదు. నీటికి మూడు మీటర్ల ఎత్తున నిలబడితే మనకు దిగంతం సుమారు 6 కి.మీ.ల్లోనే ఉంటుంది. అదే వెలుగు 300 మీటర్ల ఎత్తున ఉంటే 60 కి.మీ. అవతలున్నా కనపడొచ్చు. కాబట్టి మూడు విషయాలు చెప్పండి. ఒకటి, కంపాస్ మీద ఏ దిక్కు. రెండు, చేయి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే నీటి గీతకు ఎంత పైన ఉంది. వేలి మందం ఇంచుమించు ఒక డిగ్రీ. మూడు, ఒక్కొక్కటి ఎంతసేపు వెలిగింది.

రాత్రిడ్యూటీ
నేను సరుకు ఓడల్లో పనిచేస్తాను, అర్ధరాత్రి నుంచి నాలుగు దాకా బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద కాపలా డ్యూటీ. మాకు ఎక్కువగా తగిలేవి ఇంటర్నెట్ కోసం గుంపులుగా వదిలే స్టార్‌లింక్ ఉపగ్రహాలు. 2019 మేలో మొదటి 60 వదిలినప్పటి నుంచీ ఇదే గోల. ప్రయోగమైన కొత్తలో సంధ్య చీకట్లో చుక్కలన్నీ ఒకే గీత మీద వరసగా పోతుంటాయి, భూమి నీడలోకి వెళ్ళగానే ఒక్కొక్కటీ టక్కున ఆరిపోతాయి. అవి తేలిక. అసలు తికమక పెట్టేది ఇంకోటుంది. దిగంతం దగ్గర, సూర్యుడు ఎటువైపు కింద ఉన్నాడో అటువైపు, ఒకే చోట చుక్క వెలిగి బాగా మెరిసి ఆరిపోతుంది, తర్వాత అక్కడే ఇంకోటి. ఉపగ్రహాల మీద పడిన ఎండ మన కళ్ళలోకి తిరిగి రావడం అది. 2022లో పసిఫిక్ మీద విమానాలు నడిపే పైలట్లు కూడా ఇలాంటివి చూసి ఏమిటో తెలియక రిపోర్ట్ చేశారు.

కానీ మీరు చెప్పింది కిందికి దిగింది అంటున్నారు. ఉపగ్రహాల మెరుపు నారింజ రంగులో అలా దిగడం నేనైతే చూడలేదు.

మాస్టు_మీద_పిట్ట
ఎగిరేది కాదు గానీ మాదీ రాస్తా. ఉరుముల వాన పట్టబోతోంది, గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. వైర్‌లెస్ యాంటెన్నా కొసన జానెడు పొడుగున ఊదా నీలం మంట! కాలడం లేదు, పొగ లేదు, సన్నగా బుసకొట్టినట్టు స్‌స్‌స్ అని చప్పుడు. మాలో ఒకడు చేయి పైకెత్తితే వాడి వేళ్ళ చివర్ల కూడా చిన్న చిన్న నిప్పులు లేచాయి. సరంగు వాడి మెడ పట్టుకుని కూర్చోబెట్టాడు. దాన్ని సెయింట్ ఎల్మోస్ ఫైర్ అంటారని తర్వాత ఓడలో పనిచేసే బంధువు చెప్పాడు. పిడుగు పడే ముందు గాల్లో విద్యుత్తు బాగా పెరిగినప్పుడు మొనదేలిన వస్తువుల కొసల నుంచి అలా కారుతుందట. చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ అది కనపడిందంటే పిడుగు మన నెత్తి మీదే ఉందని లెక్క. యాంటెన్నాకు దూరంగా జరిగి కూర్చోండి.

లంగరు
వేళ్ళకు నిప్పులా!! బతికిపోయాడు.

ఉప్పుగాలి
చుక్కల_లెక్క గారూ, సరంగునీ మిగతావాళ్ళనీ విడివిడిగా అడిగాను. దిక్కు సరిగ్గా తూర్పు, 90. ఎత్తు చిటికెన వేలిలో సగం. ఒక్కొక్కటి నిమిషం లోపే. ఒకడు మాత్రం పది నిమిషాలు అంటున్నాడు, కానీ ఫోన్‌లో మొదటి ఫొటోకీ చివరి ఫొటోకీ రెండు నిమిషాల తేడా కూడా లేదు.

గాలివాటం
రాకెట్ కావచ్చు కదా? 2009 డిసెంబర్‌లో నార్వే ఆకాశంలో పెద్ద తెల్లటి సుడి కనిపించింది, గ్రహాంతరవాసులన్నారు, చివరికి రష్యా జలాంతర్గామి నుంచి వదిలిన బులావా క్షిపణి దారి తప్పి గిరగిరా తిరగడం వల్ల అని తేలింది. చూశారా, నేనూ అతికించగలను.

చుక్కల_లెక్క
రాకెట్ పొగ అలా మెరవాలంటే అంత ఎత్తున దాని మీద ఎండ పడాలి, అంటే పొద్దుగుంకాకో తెల్లవారబోయే ముందో. పైగా అది ఆకాశంలో చాలా భాగం ఆక్రమిస్తుంది, అర డిగ్రీ ఎత్తున చుక్కలా ఉండదు. ఉల్క కూడా కాదు, సెకన్లలో అయిపోతుంది.

తెరచాప
ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఇవాళ రాయక తప్పడం లేదు. ఆ రాత్రి మేమూ చూశాం! రెండు వెలుగులు, ఒకదాని వెనక ఒకటి. మా కంపాస్ మీద 60, ఈశాన్యం కన్నా కొంచెం తూర్పుకి. ఉప్పుగాలి అన్నకు మా పొజిషన్ విడిగా పంపాను. వాళ్ళకు సూటిగా దక్షిణాన 20 కి.మీ.ల్లో ఉన్నామట. మాకు నారింజ కాదు, ఎరుపే అనిపించింది.

చుక్కల_లెక్క
ఇంతకన్నా ఏం కావాలి! మ్యాప్ మీద రెండు బోట్ల నుంచీ ఆ దిక్కులకు గీతలు గీస్తే ఉప్పుగాలి గారి బోటుకు తూర్పున సుమారు 35 కి.మీ. దగ్గర కలుస్తున్నాయి. కంపాస్ చదవడంలో అయిదు డిగ్రీలు తేడా వచ్చినా 28 నుంచి 43 లోపలే. భూమి వంపు కూడా కలుపుకుంటే ఎత్తు 300-400 మీటర్లు.

ఇప్పుడు రాత్రిడ్యూటీ గారు చెప్పాలి, ఈ ఎత్తు, ఈ రంగు, ఈ టైము చూస్తే ఏం గుర్తొస్తోంది?

రాత్రిడ్యూటీ
పారాచూట్ ఫ్లేర్. ఆపదలో ఉన్న ఓడ వేసేది. నియమాల ప్రకారం కనీసం 300 మీటర్ల ఎత్తుకు వెళ్ళి, ఎర్రగా కనీసం 40 సెకన్లు మండుతూ, చిన్న పారాచూట్‌తో మెల్లగా దిగాలి. ఒకటి కాల్చి వెంటనే రెండోది కాల్చమనే మాకూ నేర్పుతారు. మొదటిదానికి తల తిప్పుతారు, రెండోదానికి దిక్కు చూసుకుంటారు. అంత దూరం నుంచి నీటికి దగ్గరగా చూస్తే ఎరుపు నారింజలా కనపడొచ్చు, చప్పుడు ఎలాగూ రాదు.

ఉప్పుగాలి, పొజిషన్, టైము వెంటనే కోస్ట్‌గార్డ్‌కు చెప్పండి. మిగతావాళ్ళు కూడా గుర్తుపెట్టుకోండి, ఎర్రటి వెలుగు మెల్లగా దిగుతుంటే ముందు వీహెచ్ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్‌లో పిలవండి, ఫొటో తర్వాత.

ఉప్పుగాలి
చెప్పాను. పొజిషన్ రాసుకున్నారు. ఆ రాత్రి ఆపదలో ఉన్నామని ఎవరూ పిలవలేదట, తిరిగి రాని బోటు కూడా ఏదీ లేదట. మా సరంగు పక్క రేవుల్లో కూడా అడిగించాడు, అందరూ క్షేమమే.

లంగరు
హమ్మయ్య. అయితే ఎవడో డేట్ అయిపోయిన ఫ్లేర్లు సరదాకి కాల్చేసి ఉంటాడు. మూడు నాలుగేళ్ళకోసారి మార్చాలి కదా, పాతవి ఏం చేయాలో తెలియక కాల్చేవాళ్ళున్నారు. ఎంత తప్పో వాళ్ళకు అర్థం కాదు.

గాలివాటం
"అయి ఉంటాడు". సరే.

రాత్రిడ్యూటీ
ఓడల ఏఐఎస్ (ఓడ ఎక్కడుందో తనంతట తనే రేడియోలో చెప్పే పరికరం) రికార్డు తీసి చూశాను. ఆ టైముకి ఆ చోట ఏ ఓడా కనపడటం లేదు. దాన్నిబట్టి ఏదీ లేదని చెప్పలేం, చిన్న బోట్లలో చాలావాటికి ఏఐఎస్ ఉండదు, నేవీ ఓడలు కావాలంటే ఆపేసుకుంటాయి. ఆ రాత్రి తూర్పువైపు ఇంకా దూరంగా వేటలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కంపాస్ దిక్కు రాయండి. మూడో గీత పడితే చోటు ఇంకా బాగా తెలుస్తుంది.