తామర (ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి) కళ్ల ముందే ఉన్నా గుర్తుపట్టలేకపోయాను: ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యురాలు, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. ఎం.బి.బి.ఎస్. ముగించి ఆరేళ్లుగా పల్లెలోనే పనిచేస్తున్నాను. హౌస్ సర్జన్‌గా చర్మవ్యాధుల విభాగంలో గడిపింది కొద్ది రోజులే. ఇప్పుడు నా ఓపీలో జ్వరాల తర్వాత ఎక్కువగా చూసేది దురదనే.

పోయిన నెలలో మిరప కోతలకు వెళ్లే ఒకామె వచ్చింది. పావడా బొందు కట్టే చోట నడుము చుట్టూ పట్టీలాగా మచ్చ. గుండ్రంగా లేదు, అంచు ఉబ్బి లేదు, పొలుసులు కూడా పెద్దగా లేవు. బొందు ఒరిపిడికి వచ్చిన ఎగ్జిమా అనుకుని స్టెరాయిడ్ క్రీమ్ రాసిచ్చాను. పది రోజులకు వచ్చి "దురద పోయిందమ్మా, మంచి మందు ఇచ్చారు" అంది. ఇంకో రెండు వారాలకు మచ్చ పొట్ట మీదికి పాకి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచి, మళ్లీ వచ్చింది. అప్పుడు కొంగు ముడి విప్పి ఒక ట్యూబు చూపించింది. నా దగ్గరికి రాకముందు ఎనిమిది నెలలు అదే రాసిందట. క్లోబెటసాల్ (బలమైన స్టెరాయిడ్), ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ (సూక్ష్మజీవుల మందులు), టెర్బినాఫిన్ (ఫంగస్ మందు) నాలుగూ అందులోనే ఉన్నాయి. అది తామరే అనిపించింది. దుకాణంలో ఎవరో స్టెరాయిడ్ అంటగట్టి చేసిన తప్పునే నేను చీటీ మీద సంతకం పెట్టి మళ్లీ చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వైద్యులు ఐదేళ్లలో 30 గంటలైనా నిరంతర విద్యకు వెచ్చించాలని 2002 నాటి నియమావళి చెబుతుంది. నేను అంతకంటే ఎక్కువే కూర్చున్నాను. చివరిగా వెళ్లిన సదస్సులో సోరియాసిస్‌కు వాడే ఖరీదైన ఇంజెక్షన్ల గురించి గంటసేపు చెప్పారు. తామరకు దక్కింది ఐదు నిమిషాలు. తెర మీద చూపినవన్నీ ఏ మందూ తగలని మచ్చలు, అవీ తెల్లటి ఒంటి మీద ఎర్రగా కనిపించేవి. నా దగ్గరికి వచ్చేవాళ్ల ఒంటి మీద అది ఎర్రగా ఉండదు, గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. పైగా నా దాకా వచ్చేసరికి మూడు ట్యూబులు అయిపోయి ఉంటాయి.

నాకు కావలసింది సర్టిఫికెట్టు కాదు. ఇలాంటి మచ్చను చూసి తామరో కాదో ఎలా తేల్చుకోవాలి? ఆ పని చేతికి వచ్చేలా ఎవరు నేర్పుతారు?

జవాబు 1: చర్మవైద్యుడు, వరంగల్

డాక్టర్ గారూ, మీరు చేసిన పొరపాటు నేనూ చేశాను, అదీ పీజీ చదువుతున్న రోజుల్లో. స్టెరాయిడ్ తగిలిన తామరకు టీనియా ఇన్‌కాగ్నిటో (మారువేషంలోని తామర) అనే పేరు వచ్చిందే అందుకు. మన కంటికి గుర్తుగా నిలిచేది వాపు, ఎరుపు, ఉబ్బిన అంచు. స్టెరాయిడ్ వాటిని అణిచేస్తుంది. ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది.

మచ్చ చూడకముందే "ఇంతవరకు ఏం రాశారు?" అని అడగండి. "ఏమీ రాయలేదండి" అంటారు. ఎందుకంటే దుకాణంలో కొన్నది వాళ్ల లెక్కలో మందు కాదు. అందుకే ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసి తెమ్మనండి. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకం ఎలా సాగుతోందో ఆ సంచి చూస్తే మీకే తెలుస్తుంది. గజ్జల్లో, తొడల లోపలి వైపు స్టెరాయిడ్ వల్ల చారలు పడ్డాయేమో కూడా చూడండి. అవి పడితే పూర్తిగా పోవు.

తర్వాత గీకి చూడండి. స్పిరిట్‌తో మచ్చను తుడిచి, ఆరనిచ్చి, 15వ నంబరు బ్లేడును నిటారుగా పట్టుకుని అంచు దగ్గర పొలుసును స్లైడు మీదికి రాల్చండి. ఒక చుక్క 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, పైన కవర్ స్లిప్, పదిహేను ఇరవై నిమిషాల ఓపిక. స్టెరాయిడ్ వాడిన మచ్చలో ఫంగస్ తీగలు మామూలు తామరలో కంటే ఎక్కువగానే దొరుకుతాయి. కంటికి దాక్కున్నది సూక్ష్మదర్శిని కింద బయటపడుతుంది. ఈ చుక్కకు పెద్ద ఖర్చు కూడా కాదు.

మందు సంగతి. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా కనిపించే ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. దాన్ని వేరుచేసింది భారత, నేపాల్ దేశస్థులైన రోగుల నుంచి. 2023లో న్యూయార్క్‌లోనూ రెండు కేసులు బయటపడ్డాయి. ఇందులో చాలావాటికి టెర్బినాఫిన్ పనిచేయదు, ఆ మందు పట్టుకోవలసిన ఎంజైము జన్యువే మారిపోయింది. అందుకే చాలామందికి ఇట్రాకొనజోల్ రోజుకు 200 మిల్లీగ్రాములు, నాలుగు వారాలు దాటి, మచ్చ పోయేదాకా ఇవ్వవలసి వస్తోంది. క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు దాని పనిని చెడగొడతాయి. గుండె బలహీనత ఉన్నవారికి ఇవ్వకండి, కొలెస్టరాల్ మాత్రలు వాడుతున్నారేమో అడగండి. పైపూత మచ్చ అంచుకు రెండు సెంటీమీటర్ల అవతలి దాకా రాయమనండి, మచ్చ పోయాక ఇంకో రెండు వారాలు కూడా.

ఇక నేర్చుకోవడం గురించి. దగ్గరలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చర్మ విభాగాధిపతిని కలిసి, వారానికి ఒక పూట ఓపీలో పక్కన కూర్చోనివ్వమని అడగండి. మా దగ్గరికి అలా వచ్చినవాళ్లున్నారు. ఒక్కటే షరతు పెట్టాను: తగ్గని రోగి ఫొటోలు తేవాలి. అనుమతి తీసుకుని, ముఖం కనబడకుండా, మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం. తగ్గినవాళ్ల ఫొటోల కంటే అవే ఎక్కువ నేర్పాయి.

జవాబు 2: ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం జిల్లా

మేడమ్, మలేరియా, కళ్లె స్లైడ్లు చూస్తూ ఇరవై ఏళ్లు దాటాయి. పొటాషియం హైడ్రాక్సైడ్ స్లైడు అడిగిన డాక్టర్లు ఇద్దరే ఇద్దరు. ఆ సూక్ష్మదర్శిని చాలు. మొదట పది రెట్ల లెన్సు, తర్వాత నలభై. కండెన్సర్ (స్లైడు కింద వెలుతురును కూర్చే భాగం) కిందికి దించి వెలుతురు తగ్గించండి. మలేరియాకు పెట్టినంత వెలుగు పెడితే తీగలు వెలుగులో కరిగిపోయి కనిపించవు. తీగ కణాల గోడలను లెక్కచేయకుండా వాటిని దాటుకుంటూ పోతుంది, కొమ్మలు వేస్తుంది, మధ్యలో అడ్డగోడలు ఉంటాయి. కణాల అంచుల వెంటే వలలాగా తిరిగితే అది ఫంగస్ కాదు. చీర నూలు పోగు కూడా మోసం చేస్తుంది. ఆ పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం లెన్సుకు తగలనివ్వకండి, గాజును తినేస్తుంది.

జవాబు 3: కుష్ఠు నివారణ విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి, నిజామాబాద్

అమ్మా, పెద్దవాడిగా ఒక మాట. దురద లేని మచ్చను తామర ఖాతాలో వేయకండి, అది కుష్ఠు కావచ్చు. 2005 చివరికి దేశస్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రకటించిన తర్వాత కూడా నా చేతుల మీదుగా కొత్త రోగులు మందులు తీసుకున్నారు. తామర అని నెలల తరబడి పూతలు రాసుకుని, చివరికి వేళ్లు వంకరపోయాక వచ్చిన ఒక కుర్రవాడిని నేను మరచిపోలేను. రోగిని కళ్లు మూసుకోమని, దూది పోగు మచ్చకు తాకించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపమనండి. మోచేతి వెనక నరం, మోకాలి పక్కన నరం రెండు వైపులా తడిమి పోల్చండి. రెండు నిమిషాల పని.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తర్వాత

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొదటి స్లైడులో ఏమీ కనిపించలేదు. స్పిరిట్‌తో తుడవడం మరచిపోయాను, క్రీము జిడ్డు తప్ప ఏమీ లేదు. రెండోసారి మా టెక్నీషియన్ కండెన్సర్ దించగానే తీగలు కనిపించాయి. ఆ మిరప కోతల ఆమెనే పిలిచి చూపించాను. "ఇదా నా ఒంటి మీద ఉన్నది?" అని చాలాసేపు అందులోకే చూస్తూ ఉండిపోయింది. మరుసటి రోజు భర్తను, అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురికీ ఉంది. ఇంట్లో తువ్వాలు ఒక్కటే. ఇప్పుడు మచ్చ సగానికి తగ్గింది, మందు ఆపలేదు. ఒంగోలులో గురువారం పూట కూర్చోవడానికి ఒప్పుకున్నారు.

ఒక సందేహం. వాళ్ల కోడలికి ఐదు నెలల పాప ఉంది, పాలిస్తోంది. ఆ అమ్మాయికీ గజ్జల్లో, రొమ్ము కింద మచ్చలున్నాయి. స్లైడులో తీగలు కనిపించాయి.

జవాబు: చర్మవైద్యుడు, వరంగల్

నోటి మందు ఇప్పుడు వద్దు. క్లోట్రిమజోల్ పూత రోజుకు రెండుసార్లు. రొమ్ము కింద రాసినది పాలిచ్చే ముందు కడుక్కోమనండి. తువ్వాలు, లోదుస్తులు విడిగా ఉతికి ఎండలో ఆరవేయాలి. ఈసారి పాపను కూడా తెమ్మనండి. తల్లి నడుము మీద ఎత్తుకుంటుంది కదా, పాప తొడలు, పిరుదులు చూడాలి.