బోరు నీళ్ల గారకు ఆసిడ్ తప్ప వేరే మందు లేదా?

నల్లగొండ నుంచి ప్రశ్న: బాత్రూం టైల్స్ మీద, నల్లాల మీద తెల్లగ గార కట్టింది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోతలేదు. ఇంట్ల చిన్న పిల్లలున్నరు, అందుకే ఆసిడ్ వద్దనుకుంటున్నం. దాంట్ల బ్లీచింగ్ పౌడర్ కలిపితే తొందరగ పోతదని ఒకరు చెప్పిన్రు, నిజమేనా? హాల్ల తాండూరు బండలున్నయి, వాటికి ఏం వాడాలె?

మిర్యాలగూడ నుంచి జవాబు: అక్కా, ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ మాత్రం అస్సలు కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ లేస్తది. కిటికీ లేని బాత్రూంల అది ప్రాణం మీదికి తెస్తది. ఒకటి పోసి, సరిగ్గ కడగకముందే రెండోది చల్లినా అంతే. టాయిలెట్ క్లీనర్లల్ల చానా వాటిల్ల ఉండేది గా హైడ్రోక్లోరిక్ ఆసిడే, వాటితోని గూడ బ్లీచింగ్ వద్దు.

గార అంటే బోరు నీళ్లల్ల ఉండే సున్నమే. సబ్బుకు కరగదు, పైగ ఉప్పు నీళ్లకు సబ్బు విరిగి దానిమీద ఇంకో పొర పడతది. పులుపుకే కరుగుతది. కిరాణంల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్ పలుకులు) తీసుకోన్రి. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు, ప్లాస్టిక్ బకెట్ల కలుపున్రి, అల్యూమినియం గిన్నె వద్దు. గోడమీద ఊరికె పోస్తే జారిపోతది. పాత నూలు గుడ్డ తడిపి గార మీద అతికించాలె, నల్లాకైతే చుట్టాలె. అర్ధగంట ఆగి బ్రష్‌తోని రుద్ది, మంచిగ కడగాలె. నల్లాకు అర్ధగంట దాటనియ్యొద్దు, మెరుపు పోతది. గార మందంగుంటే సన్నగ బుడగలు వస్తయి. గార ఇంకా ఉండంగనే బుడగలు ఆగినయంటే పులుపు అయిపోయినట్టే, కొత్తగ కలిపిన నిమ్మ ఉప్పు నీళ్లతోని గుడ్డ మళ్ల తడపాలె. టైల్స్ సందుల్ల సిమెంటును గూడ పులుపు తింటది, ముందుగాల సందులు మంచినీళ్లతోని తడిపి మొదలుపెట్టున్రి. చేతులకు గ్లౌజులు మర్వొద్దు.

మహబూబ్‌నగర్ నుంచి జవాబు: తాండూరు బండకు మాత్రం ఈ నిమ్మ ఉప్పు తగలనియ్యకున్రి. అది సున్నపురాయి. ఆసిడే కాదు, వెనిగర్, నిమ్మరసం పడ్డా నునుపు పోయి గరుకైతది, అటెన్క మురికి ఇంకా పట్టుకుంటది. కుంకుడు రసం మంచిది. 10 కాయల గింజలు తీసి లీటరు నీళ్లల్ల రాత్రి నానబెట్టి, పొద్దున 15 నిమిషాలు మరిగించి వడకట్టాలె. అర బకెట్ నీళ్లకు ఒక గ్లాసు చాలు. రెండు మూడు రోజులకే పులుస్తది, కొంచెం కొంచెమే చేసుకోన్రి. కండ్లల్ల పడితే మండుతది.

నల్లగొండ: వంట సోడా, వెనిగర్ కలిపితే బాగ పొంగుతది గదా, అది పనిచేస్తదా?

మిర్యాలగూడ: పొంగుడే తప్ప పని తక్కువక్కా. రెండూ ఒకదాన్నొకటి విరగ్గొట్టుకుంటయి. సింకు జిడ్డుకు సోడా ఒక్కటే తడిపి రుద్దున్రి, గారకు పులుపు ఒక్కటే.

నల్లగొండ: పాత ఆసిడ్ అర సీసా ఉంది, ఏం చెయ్యాలె?

మహబూబ్‌నగర్: ముందు బకెట్ నిండ నీళ్లు పట్టి, అందుల ఆసిడ్ మెల్లగ వొయ్యాలె. ఆసిడ్ల నీళ్లు పోస్తే చింది మీద పడతది. ఆ నీళ్లు కొన్ని కొన్ని టాయిలెట్ల పోసి ఫ్లష్ చెయ్యున్రి, అప్పుడు అక్కడ బ్లీచింగ్ ఉండొద్దు. కూల్‌డ్రింక్ సీసాల మాత్రం ఎన్నడూ పెట్టకున్రి. పిల్లలు మింగితే కక్కియ్యొద్దు, గొంతు రెండోసారి కాలుతది. నోరు కడిగి వెంటనే 108కి ఫోన్ చెయ్యాలె, సీసా గూడ దవాఖానకు తీస్కపోవాలె.