లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ రెండో ఏడు: మేజర్ ఏది పెట్టుకోవాలి, మిర్చి మీద ప్రాజెక్టు నిలబడుతుందా?

బ్రాడీపేట_4వలైను

అందరికీ నమస్కారం. అమరావతి వైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఏ లిబరల్ ఆర్ట్స్, ఇప్పుడు మూడో సెమిస్టర్. ఇంటర్‌లో హెచ్ఈసీ, మ్యాథ్స్ లేదు. ఈ సెమిస్టర్ చివరికి మేజర్ (ప్రధాన సబ్జెక్టు) డిక్లేర్ చేయాలి. ఎకనామిక్స్, హిస్టరీ, ఎన్విరాన్‌మెంట్ మూడూ వదలాలని లేదు. మూడూ కలిపి "ఇంటర్‌డిసిప్లినరీ మేజర్" పెట్టుకోవచ్చని హ్యాండ్‌బుక్‌లో ఉంది. అది తీసుకుంటే తర్వాత పీజీకి, ఉద్యోగాలకు ఇబ్బందా?

రెండోది, ఆఖరి ఏడు ప్రాజెక్టు గుంటూరు మిర్చి మీద చేయాలనుకుంటున్నాను. ధరలు, చరిత్ర, తెగుళ్లు అన్నీ అందులోకి తేవచ్చని ఆలోచన. ఇది మరీ పెద్దదైపోతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలువగట్టు

ముందు క్రెడిట్లు కూడండి, ఇష్టాల సంగతి తర్వాత.

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లో నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు. అందులో మేజర్ 80, మైనర్ (పక్క సబ్జెక్టు) 32, మల్టీడిసిప్లినరీ 9, భాషలు 8, స్కిల్ కోర్సులు 9, వాల్యూ యాడెడ్ 6, ఇంటర్న్‌షిప్ 4, రీసెర్చ్ ప్రాజెక్టు 12. మీ యూనివర్సిటీ అంకెలు ఒకటి రెండు అటూ ఇటూ ఉండొచ్చు. మేజర్, మైనర్ కలిపితే 112. దాన్ని మూడు సబ్జెక్టులకు సమానంగా పంచితే తలా 37 వస్తాయి. మైనర్ కంటే ఐదు ఎక్కువ, మేజర్‌లో సగం కూడా కాదు. నాలుగేళ్లు చదివి చేతిలో మూడు మైనర్లతో బయటికొచ్చినట్టు అవుతుంది.

డబుల్ మేజర్ అంటే రెండో సబ్జెక్టులో 40 శాతం, అంటే 64 క్రెడిట్లు ఉండాలి. అది చేస్తే ఎలెక్టివ్‌లకు చోటు మిగలదు. కాబట్టి నా ఓటు ఎకనామిక్స్ మేజర్, హిస్టరీ మైనర్, ఎన్విరాన్‌మెంట్ ప్రాజెక్టులోనూ ఎలెక్టివ్‌లలోనూ. హిస్టరీ మేజర్, ఎకనామిక్స్ మైనర్ కూడా బాగానే ఉంటుంది. అయితే ఎకనామిక్స్‌లో పీజీ ఆలోచన కాస్తయినా ఉంటే మాత్రం ఆ క్రమం వద్దు. హిస్టరీ పుస్తకాలు తర్వాతైనా సొంతంగా చదువుకోవచ్చు. ఎకనామెట్రిక్స్ (ఆర్థిక లెక్కలను స్టాటిస్టిక్స్‌తో తేల్చే సబ్జెక్టు) అలా ఒంటరిగా పట్టుబడేది కాదు.

హెచ్ఈసీ వాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఎకనామెట్రిక్స్‌కి ముందు స్టాటిస్టిక్స్, దానికి ముందు క్యాలిక్యులస్, మ్యాట్రిసెస్ వచ్చి ఉండాలి. కేటలాగ్‌లో ఉన్న కోర్సులన్నీ ప్రతి సెమిస్టర్ నడపరు. స్టాటిస్టిక్స్ నాలుగో సెమిస్టర్‌లో తప్పిపోయి, దాన్ని ఏడాదికోసారే చెప్తుంటే, మళ్లీ ఆరులో గానీ దొరకదు. ఎకనామెట్రిక్స్ ఏడుకి జారుతుంది. ఏడులో ప్రాజెక్టు మొదలు. డేటా ముందు పెట్టుకుని రిగ్రెషన్ (ఒక అంకె మరోదాన్ని బట్టి ఎంత మారుతుందో తేల్చే పద్ధతి) అప్పుడే నేర్చుకోవాల్సి వస్తుంది. అందుకే ఈ వారమే డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి, ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో నడుపుతారో వచ్చే రెండేళ్లకు రాయించుకోండి.

మ్యాథ్స్‌కి ఇంటర్ తెలుగు అకాడమీ పాత పుస్తకాలు చాలు. 1ఏలో మ్యాట్రిసెస్, 1బీలో లిమిట్స్, డిఫరెన్షియేషన్, దాని అప్లికేషన్లు, 2ఏలో ప్రాబబిలిటీ, ర్యాండమ్ వేరియబుల్స్. ట్రిగొనామెట్రీ, సర్కిల్స్ ముట్టుకోకండి. రోజుకు గంట చొప్పున రెండు నెలల పని. కోచింగ్ ఎందుకు దండగ.

ఇంకో మెలిక. మల్టీడిసిప్లినరీ కింద ఇచ్చే 9 క్రెడిట్లలో, ఇంటర్‌లో చదివేసిన సబ్జెక్టునే మళ్లీ తీసుకోకూడదని యూజీసీ నిబంధన. సులువుగా ఉంటుంది కదా అని సివిక్స్ లాంటిది పెట్టుకుంటే తర్వాత ఆ క్రెడిట్లు లెక్కకి రాకపోవచ్చు.

అరండల్‌పేట_పాతకాపు

పైవారు చెప్పిన లెక్క సరే. ఉద్యోగాల సంగతి నేను చెప్తాను.

ఇంట్లోవాళ్లు "గ్రూపు ఏంటమ్మా" అని అడిగితే నవ్వుకోవద్దు. నోటిఫికేషన్లూ అదే అడుగుతాయి. యూపీఎస్సీ సివిల్స్‌కి, ఏపీపీఎస్సీ గ్రూప్ 1, గ్రూప్ 2కి గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి ఏదో ఒక డిగ్రీ చాలు, అక్కడ చిక్కు లేదు. చిక్కంతా టీచింగ్‌లో. యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) సబ్జెక్టుల జాబితాలో ఎకనామిక్స్ ఉంది, హిస్టరీ ఉంది, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఉంది. లిబరల్ ఆర్ట్స్ అనే పేపరే లేదు. జూనియర్ లెక్చరర్ పోస్టుకైతే ఆ సబ్జెక్టులోనే పీజీ చూస్తారు. బీఈడీ, డీఎస్సీల్లో మెథడాలజీకి డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివారో చూస్తారు. పాత హెచ్ఈపీ బీఏ వాళ్ల మార్కుల షీట్ చూస్తే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ కొట్టొచ్చినట్టు కనపడేవి. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కాలేజీలు సింగిల్ మేజర్‌కి మారాయి, అక్కడా మేజర్ పేరు స్పష్టంగానే ఉంటుంది. మీ షీట్‌లో "నీరు, అధికారం, సమాజం" లాంటి కోర్సు పేరు ఉంటే అది హిస్టరీనా సోషియాలజీనా అని కౌంటర్‌లో కూర్చున్నాయన ఎలా తేలుస్తాడు?

కాబట్టి మూడు జాగ్రత్తలు. డిగ్రీ సర్టిఫికెట్ మీద ఏం అచ్చవుతుందో రిజిస్ట్రార్ ఆఫీసులో నమూనా చూడండి: బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ అనా, వట్టి లిబరల్ ఆర్ట్స్ అనా. ప్రతి సెమిస్టర్ సిలబస్ కాపీ మీద డిపార్ట్‌మెంట్ స్టాంపు, సంతకం అప్పటికప్పుడే వేయించుకుని ఫైలు కట్టండి, నాలుగేళ్ల తర్వాత అడిగితే సిలబస్ మారిపోయి ఉంటుంది. సీజీపీఏని శాతంగా మార్చే సూత్రం ట్రాన్‌స్క్రిప్ట్ వెనక లేకపోతే విడిగా లెటర్ తీసుకోండి.

ఆ శాతం మీకు మరీ ముఖ్యం. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉంటేనే "ఆనర్స్ విత్ రీసెర్చ్" ఇస్తారు. నాలుగేళ్ల డిగ్రీ మొత్తం మీద 75 ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చని 2022 యూజీసీ నిబంధనలు. రిజర్వేషన్ సడలింపు లేనివాళ్లు 74 దగ్గర ఆగితే ఆ తలుపు మూసుకున్నట్టే, పీజీ చేసి రావాలి. నాలుగేళ్లవాళ్లకు ఏడాది పీజీ అని 2024 ఫ్రేమ్‌వర్క్‌లో పెట్టారు గానీ, మీరు వెళ్లాలనుకున్న చోట అది మొదలైందో లేదో ముందే కనుక్కోండి.

ఏసీ_సరుకు

ప్రాజెక్టు సంగతి నేను అందుకుంటాను.

"గుంటూరు మిర్చి" అన్నది టాపిక్కే గానీ ప్రశ్న కాదు. ధరలు, చరిత్ర, తెగుళ్లు ఒక్కో అధ్యాయంగా రాస్తే మూడు చిన్న ప్రాజెక్టులు ఒక అట్టలో కుట్టినట్టుంటుంది. వైవాలో మొదట అడిగేది కూడా అదే: ఈ మూడూ ఎక్కడ కలిశాయి? ఒక సబ్జెక్టు పద్ధతి వెన్నెముకగా ఉండాలి, మిగతావి ఆ ప్రశ్నకు జవాబిచ్చే మేరకే రావాలి. ఉదాహరణకు: కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్నందుకు రైతుకు నిజంగా మిగిలిందా, లేక ఆ తేడా వ్యాపారికే పోయిందా? ఇది ఎకనామిక్స్ ప్రశ్న. దానికి నల్ల తామర పురుగు ఎందుకు కావాలంటే, 2021-22లో అది పంటను ఊడ్చేశాక దిగుబడి తగ్గింది, సరుకు తక్కువున్న ఏడాది నిల్వ లెక్క వేరేగా ఉంటుంది. చరిత్ర ఎందుకంటే, అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చిన పంట ఈ నేలలో ఇంత వాణిజ్య పంటగా ఎప్పుడు, ఎవరి అప్పుతో మారిందో తెలియకపోతే కమీషన్ ఏజెంటుకీ రైతుకీ ఉన్న ముడి అర్థం కాదు.

ఇక డేటా. గుంటూరు మిర్చి యార్డు ధరలు అగ్‌మార్క్‌నెట్‌లో (కేంద్రం నడిపే మార్కెట్ ధరల సైట్) రోజువారీగా దొరుకుతాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర (ఎక్కువ సరుకు అమ్ముడైన ధర), క్వింటాలుకు. అందరూ తప్పు చేసేది రకాల దగ్గర. తేజ, 334, బాడిగ, తాలు (రంగు పోయిన నాసి కాయ) అన్నీ కలిపి సగటు తీస్తే ఆ అంకెకు అర్థం లేదు. తాలు ఎక్కువ వచ్చిన వారం మిర్చి ధర పడిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి మంచి కాయ ధర కదిలి ఉండదు. ఒక్క రకం పట్టుకోండి, తేజ అయితే మేలు. ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీలో పెట్టినది), నాన్ ఏసీ సరుకు ధరలు ఒకే పట్టికలో కలిసిపోయాయేమో చూడండి, మీ ప్రశ్నకు ఆ తేడానే ప్రాణం. వేసవిలో యార్డుకు సెలవులిస్తారు, ఆ ఖాళీలను సున్నాగా పెట్టకండి, ఖాళీగానే వదలండి. పేపర్లలో రాకలు టిక్కీల్లో రాస్తారు, టిక్కీ బరువు బస్తాని బట్టి 40-45 కిలోలు, క్వింటాళ్లలోకి మార్చేటప్పుడు ఎంత పట్టుకున్నారో ఫుట్‌నోట్‌లో చెప్పండి. పదేళ్ల ధరలు పోలుస్తుంటే ద్రవ్యోల్బణం తీసేశాకే పోల్చాలి. 2025 ఫిబ్రవరిలో ధరలు పడ్డప్పుడు కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ పథకం (ధర పడ్డప్పుడు రైతుకు ఆసరా) కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ అంకెను 2015 నాటి ధర పక్కన అలాగే పెడితే గైడు ఎర్ర గీత గీస్తాడు.

అన్నిటికంటే పెద్ద గొయ్యి జిల్లా సరిహద్దులు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా ముక్కలై పల్నాడు, బాపట్ల వచ్చాయి. ఆ ఏడాది నుంచి "గుంటూరు జిల్లా మిర్చి విస్తీర్ణం" ఒక్కసారిగా పడిపోయినట్టు గ్రాఫ్ వస్తుంది. పంట ఎక్కడికీ పోలేదు, పల్నాడు లెక్కలోకి వెళ్లింది. వెనక్కి వెళ్తే 1970లో ఒంగోలు వైపు ప్రకాశంలోకి పోయింది. ఇంకా వెనక్కి, 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లానే లేదు, కృష్ణా జిల్లా కింద వెతకాలి. పాత మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో "గుంటూరు" అని వెతికి ఏమీ దొరకలేదని తిరిగొచ్చేవాళ్లు ఇందుకే తిరిగొస్తారు. మండలాల వారీ అంకెలు తీసుకుని పాత జిల్లాని మీరే మళ్లీ కూర్చుకోండి, పది మండలాలు చేసేసరికి ఒళ్లు హూనమవుతుంది గానీ వేరే దారి లేదు.

యార్డులో ఇంటర్వ్యూలు చేస్తే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, నెల రోజులు పడుతుందనే లెక్కేసుకోండి. సీజన్ జనవరి నుంచి మే దాకా. అంటే డిసెంబరుకే అనుమతి చేతిలో ఉండాలి, లేకపోతే మీరు వెళ్లేసరికి యార్డు ఖాళీ. వేలం నడుస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడరు, కాటాలు అయ్యాక పలకరించండి. "అప్పు ఎంత" అని నేరుగా అడిగితే నిజం రాదు. "విత్తనాలు, పురుగుమందులు ఎక్కడ తెచ్చుకున్నారు, డబ్బులు ఎప్పుడిచ్చారు" అని అడిగితే అదే జవాబు తనంతట తానే వస్తుంది.

బ్రాడీపేట_4వలైను

చాలా థ్యాంక్స్ అండి, అందరికీ. ఎకనామిక్స్ మేజర్, హిస్టరీ మైనర్ వైపే మొగ్గుతున్నాను. జిల్లాల సంగతి అసలు తట్టనే లేదు. ఇంకొక్కటి: వారానికి ఐదు కోర్సుల రీడింగ్స్ కలిపి 300 పేజీలు దాటుతున్నాయి. ఎలా చదవాలి? సిమిలారిటీ రిపోర్టులో (వేరేవాళ్ల రాతతో ఎంత కలిసిందో చెప్పేది) ఎంత శాతం దాకా ఫరవాలేదు?

పటమటలంక

300 పేజీలూ ఒకే వేగంతో చదవాలని ఎవరూ అనుకోరు, ఇచ్చిన ప్రొఫెసరు కూడా. కోర్సుకు ఒకటి చొప్పున ఐదు వ్యాసాలు గట్టిగా చదవండి, మిగతావి పావుగంట చొప్పున. పావుగంటలో సారాంశం, ముగింపు, ప్రతి సెక్షన్ మొదటి పేరా. గట్టిగా చదివేదానికి ఒక పేజీ నోట్సు: రచయిత వాదం రెండు వాక్యాల్లో మీ మాటల్లో, ఏ ఆధారంతో అన్నాడు, ఎవరితో విభేదిస్తున్నాడు, మీకు ఎక్కడ నచ్చలేదు. హిస్టరీ వ్యాసంలో ముందు ఫుట్‌నోట్లు చూడాలి, ఎకనామిక్స్‌లో ముందు టేబుళ్లు. ఇది తెలియక రెండిటినీ నవలలా మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతారు, టైమంతా అక్కడే పోతుంది. నోట్సు తెలుగులో రాసుకోండి, ఇంగ్లీషు వాక్యం పొరపాటున అలాగే వ్యాసంలోకి దిగిపోయే ప్రమాదం తగ్గుతుంది. పేజీ నంబరు అప్పుడే రాయాలి. జొటేరో (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) ఉచితం, మొదటి రోజు నుంచే అందులో పెట్టుకోండి.

సిమిలారిటీకి యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది దాకా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కొటేషన్ గుర్తుల్లో పెట్టి పేరు చెప్పినవి, రిఫరెన్సుల జాబితా లెక్కలోకి రావు, అవి మినహాయించారో లేదో రిపోర్టు తీసేటప్పుడే అడగండి. అయితే శాతం తక్కువుంటే చాలనుకోకండి. ఒక్క పేరాయే ఎత్తినా, అది మీ వాదనకు ఆయువుపట్టు అయితే గైడు వదలడు.

హిస్టరీ భాగానికి చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనం తప్పకుండా వెళ్లండి. 1918 నాటి గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలు అక్కడున్నంత బాగా దగ్గర్లో ఎక్కడా లేవు. గుంటూరు ఊళ్లోనే బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, మొదట అది చూసుకుని వెళ్తే వేటపాలెంలో ఏం అడగాలో తెలుస్తుంది. పాత జిల్లా సమాచారానికి 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ మొదటి మెట్టు, స్కాన్ కాపీ నెట్‌లో ఉంది. అది కలెక్టరాఫీసు కళ్లతో రాసినదని గుర్తుపెట్టుకుని చదవండి.

కాలువగట్టు

ఇంకోటి మర్చిపోయా. ఎన్విరాన్‌మెంట్ కోర్సు మీ దగ్గర లేకపోతే స్వయంలో (కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల సైట్) తీసుకోవచ్చు, సెమిస్టర్‌లో 40 శాతం దాకా అనుమతి ఉంది. కానీ చేరకముందే ఆ కోర్సు కోడ్‌తో డిపార్ట్‌మెంట్ నుంచి ఈక్వివలెన్స్ (మన కోర్సుకు సమానమేనన్న ఒప్పుకోలు) రాతపూర్వకంగా తీసుకోండి. పరీక్ష పాసయ్యాక అడిగితే "మా బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒప్పుకోలేదు" అంటారు. ఏబీసీ ఐడీలో (క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఖాతా) పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో కూడా ఇప్పుడే చూసుకోండి, ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే క్రెడిట్లు ఆగిపోతాయి.