బీఎన్‌పీ 82, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 1,650: ఏది నమ్మాలె?

మిర్యాలగూడ వడ్లు
అమ్మకు 68 ఏండ్లు, షుగరుంది, క్రియాటినిన్ 2.1, బరువు 86 కిలోలు. నెల సంది మెట్లెక్కితే ఆయాసం, పొద్దుమీకితే పాదాల వాపు. దేవరకొండల రక్తం తీసి హైదరాబాద్ పంపిండ్రు. గుండె మీద ఒత్తిడిని రక్తంల చూసే పరీక్ష, బీఎన్‌పీ 82, 'నార్మల్' అన్నరు. వారానికి నల్లగొండల ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 1,650. వారంలనే 20 రెట్లు పెరిగిందా? ఎకో (గుండె స్కాన్) ఇంకా తీయలే.

ఊదా మూత
లేదన్నా, అవి వేర్వేరు పరీక్షలు. గుండె గోడ సాగినప్పుడు ప్రోబీఎన్‌పీ రెండు ముక్కలై రక్తంల కలుస్తది. బీఎన్‌పీ 20 నిమిషాలల్ల సగమైతది. ఎన్‌టీ-ప్రో గంటకు పైగనే నిలుస్తది, అందుకే దాని అంకె పెద్దగుంటది. ఒకదాన్ని ఇంకోదానితోని పోల్చొద్దు.

నా అనుమానమైతే ఆ 82 మీదనే. బీఎన్‌పీకి ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండ చేసే మందు) ఉన్న ప్లాస్టిక్ ట్యూబే వాడాలె, గాజు ట్యూబుల విరిగిపోతది. బయట 4 గంటలకు మించి పెట్టొద్దు. ఆలోపు సెంట్రిఫ్యూజ్ తిప్పి, ప్లాస్మా వేరుచేసి, ఫ్రీజర్ల పెట్టి ఐసులెక్క చేసి పంపాలె. ట్యూబు అట్లనే ఎండల బస్సెక్కితే అంకె పడిపోతది. ఎన్‌టీ-ప్రోకు మామూలు సీరం చాలు, మూడు రోజులైనా నిలుస్తది. దూరం పంపేటోళ్లు అదే రాయించుకోవాలె. జుట్టుకని బయోటిన్ గోళీలు ఎక్కువ డోసుల వేసుకుంటుంటే ల్యాబుకు ముందే చెప్పుండ్రి, కొన్ని మిషన్లల్ల ఫలితం తప్పుగ తక్కువొస్తది.

ఓపీ నంబర్ 4
82 సరైన అంకే అనుకున్నా నార్మల్ కాదు. 100 అనేది ఆయాసంతోని ఎమర్జెన్సీకి వచ్చినోళ్లకు పెట్టుకున్న గీత. ఓపీకి నడిచొచ్చినోళ్లకు 35. ఎన్‌టీ-ప్రోకైతే అక్కడ 300, ఇక్కడ 125. రిపోర్టు మీద చాలాసార్లు ఒక్కటే అచ్చేస్తరు, తంటా అంతా అక్కడనే. పైగా లావున్నోళ్లల్ల రెండూ తక్కువనే వస్తయి.

అట్లని 1,650 మొత్తం గుండెదే అనలేం. క్రియాటినిన్ 2.1 ఉంటే కిడ్నీ వల్లనే కొంత పెరుగుతది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పుడు) ఉన్నా పెరుగుతది. ఈసీజీ, ఎకో రెండూ తీయించుండ్రి. ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం) 50 దాటిందని చెప్పి పంపిస్తే ఊకోకుండ్రి. ఎడమ కర్ణిక సైజు, ఈ/ఈ-ప్రైమ్ (గుండె లోపలి ఒత్తిడిని అంచనా వేసే కొలత) రిపోర్టుల ఉన్నయా చూడుండ్రి. పడుకుంటే ఊపిరాడకపోతే మాత్రం ఎకో అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకే.

మిర్యాలగూడ వడ్లు
మందులు మొదలైనంక మళ్ల ఏ పరీక్ష చేయించాలె సార్?

ఓపీ నంబర్ 4
ఎన్‌టీ-ప్రోనే, అదే ల్యాబుల. సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ అనే గుండె మందు రాస్తే బీఎన్‌పీ పనికిరాదు: దాన్ని విరిచే ఎంజైమునే ఆ మందు ఆపుతది కాబట్టి మనిషి బాగైనా అంకె పెరగొచ్చు. ఎన్‌టీ-ప్రోల గూడ 30 శాతం లోపు తేడాను లెక్కల పెట్టుకోకుండ్రి.